చచ్చిన తీగ సాక్ష్యం చెప్పదు

మా పెరటిలోని నిమ్మచెట్టు 2024 శ్రావణమాసంలో చచ్చిపోయింది. నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం, అంటే 2006లో, కడియం నుంచి తెప్పించి తన చేతులతో నాటిన మొక్క అది. ఆయన పోయిన తరువాత అమ్మ దానికి నీళ్ళు పోసే తీరు చూస్తే అది చెట్టుకు పోసే నీళ్ళలా ఉండేది కాదు. వరలక్ష్మీ వ్రతం నాటికి నిగనిగలాడుతూ ఉన్న చెట్టు, ఆ మరుసటి శుక్రవారానికి ఆకులు వాల్చేసింది. మరో పది రోజులకు ఆ ఆకులు రాలనైనా రాలకుండా కొమ్మలనే పట్టుకుని ఎండిపోయాయి. పద్ధెనిమిదేళ్ళ చెట్టు పదిహేను రోజుల్లో కట్టె అయింది.

చెట్టు చావుకు కారణం చెప్పని మనిషి మా వీధిలో లేడు. వేరుపురుగు అన్నారొకరు. బోరు నీళ్ళలో ఉప్పు పెరిగిందని మామయ్య. దిష్టి తగిలిందని పనిచేసే అమ్మాయి. వీటన్నిటినీ విని ఊరుకోవచ్చు గాని, అమ్మ కనిపెట్టిన కారణం మాత్రం నాకు మనశ్శాంతి లేకుండా చేసింది. గోడ మీదుగా కొమ్మలు తమ వైపుకు వస్తున్నాయనీ, ముళ్ళు పిల్లలకు గుచ్చుకుంటున్నాయనీ పక్కింటి పిన్నిగారు వేసవిలో రెండుసార్లు అన్న మాట వాస్తవం. అందుచేత ఆవిడే ఏదో పోసి చంపిందని అమ్మ తీర్మానించేసింది. "యాసిడ్ పోశారురా, లేకపోతే ఇంత చెట్టు ఇలా పోతుందా?" అన్నది. పద్ధెనిమిదేళ్ళ ఇరుగుపొరుగు స్నేహం ఆ ఒక్క వాక్యంతో ఆగిపోయింది. ఆవిడ ఆషాఢంలో మాగాయ పెట్టి పంపిన స్టీలు గిన్నె తిరిగి వెళ్ళకుండా మా వంటింటి అటక మీదనే ఉండిపోయింది.

నేను వృక్షశాస్త్రవేత్తను కాను. పాత సంగతులు చదివి, నచ్చినవి నాలుగు ఇక్కడ రాసుకునే అలవాటు ఉన్నవాణ్ణి. నేరం జరిగినచోట ఏం చూడాలో తెలియనివాడు, అటువంటి నేరాలను పూర్వం ఎవరు ఎలా పరిశోధించారో చదువుకోవడం సహజమే కదా. అలా చదువుతూ పోతే తేలినది ఏమిటంటే, బాగా నాటుకుని ఏళ్ళ తరబడి కాపు కాసిన చెట్టు ఉన్నట్టుండి ఎందుకు చస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడంలో మేధావులు కూడా మా వీధివాళ్ళకంటే పెద్ద తెలివిగా ఏమీ ప్రవర్తించలేదు. వాళ్ళు నెగ్గినచోట నెగ్గడానికి కారణం మాత్రం ఒకటే, చాలా చిన్నది. దాని కోసం ముందుగా ఫ్రాన్సు దక్షిణానికి వెళ్ళాలి.

రోన్ నది ఒడ్డున రోక్‌మోర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ బోర్తీ అనే ద్రాక్షసారా వర్తకుడు ఉండేవాడు. 1862లో అమెరికా నుంచి ఒక స్నేహితుడు పంపిన ద్రాక్ష మొక్కలను ఆయన తన ఇంటి వెనుక తోటలో నాటుకున్నాడు. పెద్ద వ్యాపారపు తోట కాదది, నాలుగు గోడల మధ్యనున్న పెరడు. అమెరికా తీగలు చక్కగా అల్లుకున్నాయి. వాటి పక్కనున్న స్థానికపు తీగలు మాత్రం కొద్దికాలానికి ఆకులు ఎర్రబారి, ముడుచుకుని, చచ్చాయి. అటుపైన చుట్టుపక్కల పొలాలలోనూ అదే వరస మొదలైంది. ఈ రెంటికీ లంకె ఉన్నదని అప్పట్లో ఎవరికీ తోచలేదు. తోచడానికి ఆధారమూ లేదు. ఆరోగ్యంగా కళకళలాడుతున్న మొక్కను ఎవరు అనుమానిస్తారు?

1867 నవంబరులో ఆర్ల్ పట్టణపు పశువైద్యుడు దెలోర్మ్ ఈ వింత చావును వివరంగా వర్ణిస్తూ ఒక లేఖ రాశాడు. మొక్కల రోగానికి పశువుల వైద్యుడు లేఖ రాయడం చూస్తే నవ్వు రావచ్చు గాని, వర్ణన మాత్రం నిక్కచ్చిగా ఉందని చదివినవారు చెబుతారు. తోటలో ఒకచోట కొన్ని తీగలు చస్తాయి. మరుసటి ఏడు వాటి చుట్టూ ఉన్నవి చస్తాయి. గుడ్డ మీద పడిన నూనె చుక్క వ్యాపించినట్టుగా ఆ మచ్చ ఏటేటా వెడల్పు అవుతుంది. నడిమధ్యన కట్టెలు, వాటి చుట్టూ పసుపు బారిన తీగలు, వాటికీ అవతల పచ్చని తోట.

ఎరో జిల్లా వ్యవసాయ సంఘం ముగ్గురితో ఒక బృందాన్ని వేసింది. మోంపెలియేలో వృక్షశాస్త్రం బోధించే జూల్ ఎమీల్ ప్లాన్‌షాన్, సంఘ ప్రముఖుడైన గస్తోన్ బాజీయ్, తోటల పెంపకంలో ఆరితేరిన ఫెలిక్స్ సాహూ. (రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక మాట. ఈ గస్తోన్ బాజీయ్ కొడుకే చిత్రకారుడు ఫ్రెదెరిక్ బాజీయ్. మోనే, రెన్వార్‌ల తొలినాటి నేస్తం. 1870 యుద్ధంలో 28 ఏళ్ళకే చనిపోయాడు. తండ్రి తీగల చావును వెతుకుతున్న రోజులలో కొడుకు పారిస్‌లో బొమ్మలు వేసుకుంటున్నాడు.) ఈ ముగ్గురూ 1868 జూలై 15న సేన్ రెమీ దగ్గర ఒక తోటకు వెళ్ళారు.

అక్కడ వారు మొదట చేసిన పని ఎవరైనా చేసేదే. చచ్చిన తీగలను పెకలించి చూశారు. వేళ్ళు నల్లబడి, కుళ్ళి, చేత్తో నలిపితే పొడి అయిపోతున్నాయి. పురుగు లేదు, బూజు లేదు, హంతకుడి జాడ ఏమీ లేదు. మరొకటి పెకలించారు. మళ్ళీ అదే. ఇలా ఎంతసేపు సాగిందో గాని, అందులో ఒక పలుగు పోటు అదృష్టవశాత్తు ఇంకా చావని తీగ వేరును పైకి తెచ్చింది. ఆ వేరు మీద పసుపు రంగు మచ్చలు కనిపించాయి. ప్లాన్‌షాన్ భూతద్దం తీసి చూశాడు. అవి మచ్చలు కావు, పేలు. గుంపులు గుంపులుగా వేరుకు అతుక్కుని రసం పీలుస్తున్న పేలు. అప్పుడు పచ్చగా ఉన్న తీగలను తవ్వి చూశారు. జబ్బు జాడే లేదనుకున్న మొక్కల వేళ్ళ మీద కూడా లక్షోపలక్షలుగా ఉన్నాయవి.

ఎంత సులువైన సంగతో చూడండి. పేను రసం తాగి బతికేది. వేరు చచ్చాక అందులో రసం ఉండదు, కనుక అది పక్క మొక్కకు పోతుంది. అంటే, చచ్చిన తీగ కింద హంతకుడు ఎప్పుడూ దొరకడు. పురుగు లేదు కాబట్టి పురుగు కారణం కాదని అంతకు ముందు చెప్పినవారందరూ కళ్ళతో చూసిన నిజమే చెప్పారు. చూసిన చోటే తప్పు.

ప్లాన్‌షాన్ దానికి మొదట వేరే పేరు పెట్టి, తరువాత ఫిల్లోక్సెరా వాస్తాత్రిక్స్ అని ఖాయం చేశాడు. మొదటి మాటకు ఎండిన ఆకు అని, రెండవ మాటకు విధ్వంసకారిణి అని అర్థం. వేళ్ళలో కాపురముండేదానికి ఆకు పేరు రావడం ఒక తమాషా. దాని బంధువులు ఓక్ చెట్ల ఆకుల మీద బతుకుతాయి, ఇంటిపేరు వాటిది.

హంతకుడు దొరికాడు కనుక కథ అయిపోయిందని మనం అనుకుంటాం. కాలేదు. పారిస్ పండితులు ఒప్పుకోలేదు. సిన్యొరే వంటి పేరున్న కీటకశాస్త్రవేత్తలే ఈ పేను కారణం కాదు, ఫలితం అన్నారు. తీగ ముందే నీరసించింది, నీరసించినదాన్ని పేను పట్టింది అని వారి వాదం. నీరసానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. భూమి సారం అయిపోవడం, వరుసగా వచ్చిన కరువులూ చలీ, వందల ఏళ్ళుగా గింజ నాటకుండా కొమ్మలు నాటుతూ వచ్చినందున జాతి ముసలిదవడం. దేవుడి ఆగ్రహం కూడా జాబితాలో ఉన్నది. ఇప్పుడు నవ్వుకోవచ్చు గాని, నా మటుకు నాకు ఆ పండితులు మూర్ఖులుగా తోచలేదు. బలహీనపడ్డ చెట్టునే చీడ పడుతుందన్నది చాలా సందర్భాలలో నిజం. మన రైతులూ అదే అంటారు. పైగా వాళ్ళ పద్ధతి ఒక గౌరవనీయమైన పద్ధతి. రోగాన్ని కాదు, రోగిని చూడమని. ఈ ఒక్క చోట అది తప్పింది, అంతే. తప్పినందుకు ఏళ్ళకు ఏళ్ళు వృథా అయ్యాయి.

వివాదం తేలడానికి కావలసిన సాక్ష్యం కూడా బతికి ఉన్న మొక్క దగ్గరే దొరికింది. బోర్దో ప్రాంతంలో లాలిమాన్ అనే ఆయన అమెరికా రకాలను పెంచేవాడు. తన తోటలో స్థానిక తీగలు చస్తుంటే అమెరికా తీగలు నిక్షేపంలా ఉన్నాయని 1869లో ఆయన గమనించి చెప్పాడు. అమెరికాలో మిసోరి రాష్ట్ర కీటకశాస్త్రవేత్త చార్ల్స్ రైలీ 1871లో ఫ్రాన్సు వచ్చి చూసి, ఇది మా దేశపు పేనే అని నిర్ధారించాడు. 1873లో ప్లాన్‌షాన్ ఎదురు ప్రయాణం కట్టి అమెరికా అడవి ద్రాక్షలను చూసివచ్చాడు. అక్కడి తీగలూ ఈ పేనూ వేల ఏళ్ళుగా కలిసి బతుకుతున్నాయి. తీగ వేరు పేను కాటుకు తట్టుకోవడం నేర్చుకుంది. ఐరోపా తీగకు ఆ పరిచయం లేదు. దాని వేరు కాటుకు ఉబ్బి, పగిలి, ఆ పగుళ్ళలో కుళ్ళు ప్రవేశించి చస్తుంది. బోర్తీ పెరటిలో కళకళలాడినవే మృత్యువును మోసుకొచ్చాయన్నమాట.

ఇంతలో ప్రభుత్వం 1870లో 20,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1874లో దానిని 3,00,000కు పెంచింది. దానితో దేశమంతా వైద్యులైపోయారు. ప్రతి తీగ కింద ఒక బతికిన కప్పను పాతిపెడితే విషాన్ని పీల్చేస్తుందన్న చిట్కా అప్పటిదే. మోంపెలియేవారు ఇటువంటి వందలాది చిట్కాలను ఓపికగా, వరుసగా పరీక్షించారు. ఫోకోన్ అనే రైతు శీతాకాలంలో వారాల తరబడి తోటను నీట ముంచి పేలను చంపగలిగాడు. నదీ తీరాన ఉన్నవారికది సాగింది. కార్బన్ డైసల్ఫైడ్ అనే మంటలంటుకునే ద్రవాన్ని నేలలోకి ఎక్కించడం డబ్బున్నవారికి సాగింది. చివరకు అందరికీ సాగినది ఒకటే. అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడం. 1875లో 845 లక్షల హెక్టోలీటర్లున్న ఫ్రాన్సు ద్రాక్షసారా ఉత్పత్తి 1889 నాటికి 234 లక్షలకు పడిపోయిన తరువాత గాని దేశం ఆ వైద్యానికి పూర్తిగా తలవంచలేదు. బహుమతి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. లాలిమాన్ నాకివ్వండని అడిగితే, అసలు పేనును తెచ్చినవాడివి నువ్వే కావచ్చునన్నారు. చెట్టు చచ్చినచోట పక్కవాడి మీద నింద పడడం మా వీధి విశేషం కాదని ఇక్కడ నాకు కొంత ఊరట కలిగింది.

ఫ్రాన్సు కథను ఇంతగా సాగదీశాను. ఇదే కథ మన గోదావరి లంకల్లో తలకిందులుగా జరిగింది. దాని గురించి మనవాళ్ళు రాసింది తక్కువ.

20వ శతాబ్దం తొలినాళ్ళలో గోదావరి డెల్టాలో తాడిచెట్లు చస్తున్నాయి. తాడి అంటే కల్లు మాత్రమే కాదని ఈ పేజీ చదివేవారికి చెప్పనక్కరలేదు. ఇంటి కప్పు, దూలం, విసనకర్ర, ముంజ, తేగ, బెల్లం, చివరకు రాసుకునే ఆకు కూడా అదే. తాటిచెట్టు చావు ద్రాక్షతీగ చావు వంటిది కాదు. ద్రాక్షతీగ నరికితే పక్కనుంచి చిగురిస్తుంది. తాటికి, కొబ్బరికి ప్రాణమంతా తలలో ఉన్న ఒకే ఒక్క మొవ్వులో ఉంటుంది. ఆ మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. అయితే మొవ్వు కుళ్ళి చెట్టు చచ్చిన తరువాత కూడా కింది మట్టలు నెలల తరబడి పచ్చగానే ఉంటాయి. కింద నుంచి చూసేవాడికి చెట్టు బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. నడిమి ఆకు వాలడం కంటబడే సరికి, దాన్ని పట్టుకు లాగితే ఒరలో నుంచి కత్తి వచ్చినట్టు చేతిలోకి వచ్చేస్తుంది. అడుగున దుర్వాసనతో నిండిన ముద్ద.

ఆ ముద్దలో ఏమున్నదని చూస్తే అన్నీ ఉంటాయి. బాక్టీరియా, ఈగల పిల్లలు, పది రకాల బూజులు. కుళ్ళిన చోట విందుకు వచ్చినవాళ్ళకు కొదవేముంది? వెస్టిండీస్‌లో కొబ్బరి మొవ్వుకుళ్ళును పరిశోధించిన జాన్ జాన్‌స్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1912లో ఈ విందు చూసే మోసపోయాడని నా అనుమానం. మనుషుల, పశువుల పేగులలో ఉండే కోలై బాక్టీరియానే దీనికి కారణమని ఆయన తేల్చాడు. పాపం, శ్రద్ధగా చేసిన పరిశోధనే. కాని కుళ్ళులో కోలై వంటి బాక్టీరియా కనిపించడం, పెళ్ళి భోజనాల్లో ఊరివాళ్ళు కనిపించడం లాంటిది. పెళ్ళికొడుకెవరో దాన్నిబట్టి తెలియదు.

గోదావరికి వచ్చినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఐర్లండువాడు, వైద్యవిద్య చదివి పట్టా పుచ్చుకుని, మనుషుల నాడి చూడడం మాని శిలీంధ్రాల వెంట పడినవాడు. 1901లో భారతదేశం వచ్చాడు. తరువాత బిహారులోని పూసా పరిశోధన సంస్థలో ప్రభుత్వ శిలీంధ్రశాస్త్రజ్ఞుడయ్యాడు. ఈయన మొవ్వులోని ముద్దను పట్టుకు వేలాడలేదు. జబ్బు వెలుపలి నుంచి లోపలికి వస్తున్నదని గుర్తించాడు. మొవ్వును చుట్టి ఉన్న మట్టల అడుగుభాగాలలో లోతుగా దిగబడిన గోధుమరంగు మచ్చలుంటాయి. పైమట్ట మీది మచ్చ వెనకనే లోమట్ట మీద మచ్చ, దాని వెనక మరొకటి, అలా మెట్లు దిగినట్టు మొవ్వు దాకా. కుళ్ళు ఇంకా చేరని, అప్పుడప్పుడే చేరుతున్న అంచులో విందు ఉండదు. మొదటి దొంగ ఒక్కడే ఉంటాడు. 1907లో బట్లర్ దానికి తాళజాతిని తినేదన్న అర్థం వచ్చేలా పితియం పాల్మివోరం అని పేరు పెట్టాడు. 1919లో దాన్ని ఫైటోఫ్తోరా అనే ప్రజాతిలోకి మార్చాడు. తాటిచెట్టు ఎక్కగలిగినవాళ్ళను పెట్టి, జబ్బు చెట్ల తలలు నరికించి కాల్చించడమే అప్పటి చికిత్స. పచ్చని మట్టలున్న చెట్టు తలను నరకమంటే యజమానికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అది అప్పటికే చచ్చిందని అతణ్ణి నమ్మించడం, శిలీంధ్రాన్ని కనుక్కోవడం కంటే కష్టమైన పని అయి ఉంటుంది. ఇప్పుడు మన కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసే కోకో కాయలను నల్లగా కుళ్ళబెట్టేదీ ఈ పాల్మివోరానే.

ఫైటోఫ్తోరా అంటే మొక్కలను నాశనం చేసేదని అర్థం. ఐర్లండు కరువుకు మూలమైన బంగాళదుంప తెగులును చూసి జర్మన్ శాస్త్రవేత్త డి బారీ 1876లో పెట్టిన పేరు. దీన్ని అలవాటుగా శిలీంధ్రమంటాం గాని, చుట్టరికం చూస్తే సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గర. అందుకే దీనికి నీరంటే ప్రాణం. తడినేలలో దీని సిద్ధబీజాలు తోకలు ఆడిస్తూ ఈదుకుంటూ వేరును వెతుక్కుని పోతాయి.

ఈ కుటుంబంలోదే మరొకటి మనిషిని నలభై ఏళ్ళు ఏడిపించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో జారా అనే బ్రహ్మాండమైన యూకలిప్టస్ జాతి ఉంది. 1921లో కారగల్లెన్ అనేచోట ఆ చెట్లు గుంపులుగా చావడం నమోదైంది. ఎండాకాలంలో చచ్చేవి. అందుచేత అందరూ ఎండాకాలంలో పోయి చూసేవారు. నేల సారమనీ, నీరు నిలవడమనీ, చెట్లు కొట్టడంవల్ల అడవి మారిందనీ రకరకాల కారణాలు చెప్పుకున్నారు. ఫ్రాంక్ పాడ్జర్, అమెరికా నుంచి వచ్చిన జార్జ్ జెంట్‌మయర్ మొదలైనవారు కలిసి 1965లో దోషిని ప్రకటించారు. ఫైటోఫ్తోరా సిన్నమోమి. 1922లో సుమత్రాలో దాల్చిన చెట్ల మీద గుర్తించి పేరు పెట్టినదే. వానాకాలపు తడిలో అది సన్నవేళ్ళను తినేసి పోతుంది. అప్పుడు నేలలో నీరు పుష్కలం కనుక మిగిలిన నాలుగు వేళ్ళతోనే చెట్టు నెట్టుకొస్తుంది. ఎండలు ముదిరి నీరు కావలసినప్పుడు తోడేందుకు వేళ్ళు లేక చస్తుంది. హత్య ఒక ఋతువులో, శవం మరో ఋతువులో. అడవిలో బాటలు వేయడానికి మోసిన కంకరతోనూ, లారీ చక్రాలకు అంటిన బురదతోనూ ఆ జబ్బును కిలోమీటర్ల కొద్దీ వ్యాపింపజేసినది ఆ కారణం తెలియని మనుషులే.

ఇక్కడికి వచ్చాక నేను పుస్తకాలు మూసి పలుగు తీసుకున్నాను.

2022 వేసవిలో మేము పెరటికి టైల్సు వేయించాము. తవ్విన మట్టిని ఎక్కడ పోయాలో తెలియక మేస్త్రీ అడిగితే, చెట్టు మొదట్లో పోయించమన్నది నేనే. చెట్టుకు బలమని కూడా అన్నాను. ఉన్న పాదు పూడి, కాండం మొదలు చుట్టూ జానెడు ఎత్తున మట్టి దిబ్బ అయింది. దానికి చుట్టూ ఇటుకలు పేర్చి అందంగా సున్నం కూడా వేయించాను. ఇప్పుడు ఆ మట్టి తీసి చూస్తే, నేల మట్టానికి అటూ ఇటూ బెరడు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, వేలితో తోస్తే ఊడిపోతున్నది. పుల్లని వాసన. కాండం చుట్టూ కడియం తొడిగినట్టు ఆ కుళ్ళు పూర్తిగా తిరిగి వచ్చేసింది. యాసిడ్ పోస్తే వేళ్ళ నుంచి పైదాకా కమిలిన గుర్తులుండాలి గాని ఇలా మొదలు చుట్టూ ఉంగరంలా ఉండదు.

నిమ్మ, నారింజ చెట్ల మొదలు కుళ్ళు, బంక తెగులు చాలా పాతవి. 1830లలో అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల నారింజ తోటలు దీనితోనే నాశనమయ్యాయి, తరువాత మధ్యధరా తోటలకూ ఆ వినాశనం వచ్చింది. పుల్ల నారింజ వేరు మీద కాస్త ఎత్తుగా అంటుకట్టి, అంటు మట్టిలో పడకుండా చూడడం అప్పుడు నేర్చుకున్న ఉపాయం. దోషి ఫైటోఫ్తోరాలేనని కాలిఫోర్నియాలో ఫాసెట్ 1913లో చూపించాడు. మట్టి బెరడును కప్పేస్తే అక్కడ తడి ఆరదు. మిగతాది అది చూసుకుంటుంది. మా మట్టిని ఏ ప్రయోగశాలకూ పంపలేదు గనుక దాని పేరు ప్రమాణం చేసి చెప్పను. కుళ్ళు ఎక్కడ మొదలైందో మాత్రం కళ్ళారా చూశాను.

మరి ఉన్నట్టుండి ఎందుకు చచ్చింది? చావలేదు. రెండేళ్ళు తీసుకుంది. ఆకు చేసిన ఆహారం వేరుకు చేరేది బెరడు గుండా. నీరు పైకి ఎక్కేది లోపలి కొయ్య గుండా. బెరడు చుట్టూ కుళ్ళిపోతే వేరుకు తిండి ఆగుతుంది గాని ఆకుకు నీరు ఆగదు. వేరు ఆకలితో చస్తూ చస్తూ కూడా నీరు తోడుతూనే ఉంటుంది. కిందికి పోవలసిన తీపి అంతా పైనే నిలిచి చెట్టు విపరీతంగా పూస్తుంది, కాస్తుంది. 2023లో మా చెట్టు ఎన్నడూ లేనంత కాపు కాసింది. అమ్మ మూడు జాడీలు ఊరగాయ పెట్టి వీధంతా పంచింది. నాన్నగారి చేతి చలువ అన్నది. ఆ కాపును ఇప్పుడు తలుచుకుంటే నాకు గోదావరి తాటిచెట్ల పచ్చని మట్టలు కనిపిస్తాయి.

అన్నట్టు, దీనికి వ్యతిరేకమైన పొరపాటూ ఉన్నది. 2021 వానాకాలం చివర తెలంగాణ జిల్లాల్లోనూ, ఆంధ్రలోనూ వేపచెట్లు కొనల నుంచి మాడిపోతుంటే వేపజాతే అంతరించిపోతున్నదని అందరం హడలిపోయాము. కొమ్మ చివర్లను చంపే ఒక శిలీంధ్రమూ, దానికి తోడు రసం పీల్చే ఒక నల్లిపురుగూ కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. చెట్లు చాలామటుకు మళ్ళీ చిగురించాయి. గోటితో బెరడు గీరి చూస్తే లోపల పచ్చగానే ఉండేది. గీరకుండానే మా సందు చివరి వేపను కొట్టేశారు.

అమ్మను పిలిచి ఆ ఊడిన బెరడు చూపించాను. మట్టి పోయించింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు వంగి చూసింది. ఏమీ అనలేదు. "మీ నాన్నగారు పాదు ఎప్పుడూ చెట్టుకు దూరంగానే చేసేవారు" అని మాత్రం లోపలికి వెళుతూ అన్నది. అది నన్ను తిట్టినట్టో కాదో ఇప్పటికీ తెలియదు. మూడో రోజు అటక మీది స్టీలు గిన్నె కనిపించలేదు. ఒట్టి గిన్నె పంపకూడదు గనుక పులిహోర పెట్టి పంపిందని తరువాత తెలిసింది. నిమ్మకాయ పులిహోర కాదు, చింతపండుదే.

సేన్ రెమీ తోటలో పలుగు పోటు గుర్తుకువచ్చి, ఆ సాయంత్రమే పెరటికి రెండో చివరనున్న బత్తాయి చెట్టు దగ్గరకు వెళ్ళాను. దానికీ అదే మేస్త్రీ, అదే దిబ్బ, అదే సున్నం. చెట్టు నిగనిగలాడుతోంది, అకాలంలో పూత కూడా వేసింది. ఇటుకలు తీసి, చేతులతో మట్టి తోడాను. నేల మట్టానికి వేలెడు కింద, తూర్పు వైపున, అరచేతి మందం మేర బెరడు రంగు మారి ఉంది. మిగతా మూడు వైపులా గట్టిగానే ఉంది. మెత్తబడిన బెరడును మంచి బెరడు తగిలేదాకా చాకుతో చెక్కి, మైలుతుత్తం సున్నం కలిపిన ముద్ద పూసి, మొదలుకు గాలి తగిలేలా వదిలేశాను. పాదును రెండడుగుల అవతల చేశాను. పూత చాలావరకు రాలిపోయింది. ఆకు మాత్రం, ఇది రాస్తున్న నాటికి, వాలలేదు.